క్రిస్ప్, క్రిస్పీ, క్రంచీ: మూడింటికీ ‘కరకరలాడే’ సరిపోతుందా?

అనువాద_అరుగు (ప్రశ్న)

ఇంగ్లీషు వంటల పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘క్రిస్ప్’ అన్న విశేషణం వచ్చిన ప్రతిచోటా పని ఆగుతోంది. ఒకే పుస్తకంలో క్రిస్ప్ యాపిల్ ఉంది, క్రిస్ప్ లెట్యూస్ ఉంది, ఉల్లిపాయలు క్రిస్పీగా వేగాలని ఉంది, వేయించిన ఓట్స్ క్రంచీగా ఉండాలని ఉంది. వడ్డన గురించి రాసిన అధ్యాయంలో బల్లమీద పరిచే తెల్లబట్ట కూడా క్రిస్ప్‌గా ఉండాలంటాడు. నిఘంటువులో ‘పెళుసైన, కరకరలాడే’ అని ఉంది. అదే అన్నిచోట్లా పెడితే ‘కరకరలాడే ఆకుకూర’, ‘కరకరలాడే బల్లగుడ్డ’ అవుతున్నాయి.

క్రిస్ప్‌కీ క్రిస్పీకీ నిజంగా తేడా ఉందా, ఊరికే రెండు రూపాలా? క్రంచీ ఎక్కడ మొదలవుతుంది? పుస్తకం చివర మన పిండివంటల గురించి ఇంగ్లీషులో ఒక పేజీ కూడా రాసివ్వాలి. జంతికలు ‘గుల్లగా’ వచ్చాయి అన్నదాన్ని ఇంగ్లీషులో ఏమంటారో కూడా చెప్పగలరా?

మాటల_మూట

తేడా ఉంది, అదీ పెద్ద తేడానే. క్రిస్పీ అన్నమాట తిండిని దాటి దాదాపు బయటికి రాదు. తిండిలో కూడా నూనెలోనో పెనం మీదో ఓవెన్‌లోనో వేగి, తడి పోయి, పైన పలచటి పెళుసు పొర కట్టినవాటికే ఎక్కువగా వాడతారు: వేయించిన ఉల్లిపాయ, కోడిచర్మం, దోసె అంచు. క్రిస్ప్ అలా కాదు. తిండికీ వస్తుంది, బట్టకీ కాగితానికీ వస్తుంది, గాలికీ మాటకీ బొమ్మకీ కూడా వస్తుంది. కాబట్టి క్రిస్పీ ఉన్నచోట క్రిస్ప్ పెట్టినా చాలావరకు చెల్లుతుంది, క్రిస్ప్ ఉన్నచోట క్రిస్పీ పెడితే చెల్లదు. క్రిస్పీ షర్ట్ అంటే ఇంగ్లీషువాళ్లకి చొక్కాని బాణలిలో వేసినట్టు వినిపిస్తుంది. యాపిల్‌ని క్రిస్పీ అనేవాళ్లు లేకపోలేదుగానీ, చదివేవాళ్లకి పచ్చి పండు కంటే వేయించిన ముక్కే ముందు గుర్తొస్తుంది.

మీ చిక్కు ఇంగ్లీషులో లేదు. మనకి ఈ ఒక్క మాటకి అరడజను మాటలున్నాయి, నిఘంటువు అందులో రెండే ఇచ్చింది. తెలుగు ఇక్కడ చప్పుడుని బట్టి, తాకితే ఎలా ఉందన్నదాన్ని బట్టి పేరు పెడుతుంది. అప్పడం, వడియం, జంతిక కరకరలాడతాయి. దోరజామకాయ, పచ్చి మామిడి, మంచి యాపిల్ కసుక్కున తెగుతాయి. కోసి గంట కాని ఆకుకూర, బెండకాయ నవనవలాడతాయి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా, బ్యాంకు నుంచి అప్పుడే వచ్చిన నోటు పెళపెళలాడతాయి. ఇంగ్లీషువాడు వీటన్నిటినీ క్రిస్ప్ అంటాడు. అందుకని మీ లెట్యూస్ ‘నవనవలాడే ఆకు’, యాపిల్ ‘కసుక్కుమనే యాపిల్’, బల్లగుడ్డ ‘గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లబట్ట’. ఈ చివరిదానికి ఒక్కమాట కోసం వెతక్కండి. ఆ గుణం బట్టకి ఎలా వచ్చిందో చెబితే చాలు, చదివేవాళ్లకి పెళపెళ దానంతటదే వినిపిస్తుంది.

ఒక జాగ్రత్త. ‘కరుకు’ని దీనికి దగ్గరగా తేకండి. కరుకు అంటే చేతికి గరగరలాడేది, ఇంగ్లీషులో కోర్స్ లేదా రఫ్. ‘బిరుసు’ అంతకంటే దూరం, వంగనిది, మొండిది. చెవికి దగ్గరగా ఉన్నాయని ఈ రెండూ కరకరలోకి జారుతుంటాయి.

మాట పుట్టుక కూడా పనికొస్తుంది. లాటిన్‌లో క్రిస్పుస్ అంటే ఉంగరాలు తిరిగిన. పాత ఇంగ్లీషులో క్రిస్ప్ అన్నది ఉంగరాల జుట్టుకి చెప్పే మాట, పెళుసు అన్న అర్థం 16వ శతాబ్దంలో వచ్చింది. పాత కావ్యాల్లో క్రిస్ప్ హెయిర్ కనిపిస్తే ‘బిరుసు జుట్టు’ అని రాయకండి, అది గిరజాల జుట్టు. ఆ లాటిన్ మాటే ఫ్రెంచిలోకి వెళ్లి క్రేప్ అయింది. మన క్రేప్ సిల్క్ చీర నేతలో ఉండే సన్నని ముడతలకి ఆ పేరు అందుకే. విదేశాల హోటళ్లలో దోసెని పరిచయం చేయడానికి ‘క్రేప్’ అని రాస్తుంటారు. క్రిస్పీ క్రేప్ అన్నప్పుడు ఆ రెండు మాటలూ ఒకే ఇంటివి.

పిండివంటల_ల్యాబ్

పైన చెప్పింది బాగుంది. క్రంచీ ఎక్కడ మొదలవుతుందన్నది మాత్రం పంటి దగ్గర చూడాలి, ఎందుకంటే ఆహార పరీక్షల్లో క్రిస్ప్‌నీ క్రంచీనీ వేరువేరు గుణాలుగానే కొలుస్తారు.

క్రిస్ప్ అయినది పలచగా ఉంటుంది, ముందరి పళ్లతో ఒక్క కొరుకుడికి టప్పున విరుగుతుంది, చప్పుడు సన్నగా, పైస్థాయిలో ఉంటుంది. క్రంచీ అయినది మందంగా, గట్టిగా ఉంటుంది, దవడపళ్ల మధ్యకి వెళ్లాక నమిలిన ప్రతిసారీ చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు బరువుగా ఉంటుంది. చప్పుడు కొలిచినవాళ్ల లెక్కలో క్రిస్పీ అనిపించేవాటి శబ్దం 5 కిలోహెర్ట్జ్ పైన ఎక్కువగా ఉంటుంది, క్రంచీవాటిది 1.25 నుంచి 2 కిలోహెర్ట్జ్ మధ్య. అప్పడం, పక్కనే చేగోడీ పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి కొరికి చూడండి. అప్పడం పగిలి ఊరుకుంటుంది. చేగోడీ పగిలాక కూడా నాలుగైదు నమళ్ల దాకా కటుక్కు కటుక్కుమంటూనే ఉంటుంది. మొదటిది క్రిస్ప్, రెండోది క్రంచీ. పచ్చి క్యారెట్ క్రంచీ, కీరా తొక్క క్రిస్ప్. బాదంపప్పు క్రంచీయే, క్రిస్పీ ఎప్పటికీ కాదు.

ఈ మాటలో సగం చెవిదే. ఆక్స్‌ఫర్డ్‌లో మాసిమిలియానో జంపీనీ, చార్లెస్ స్పెన్స్ 2004లో ప్రచురించిన ప్రయోగంలో మనుషుల చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి ప్రింగిల్స్ చిప్స్ కొరికించారు. కొరుకుతున్న చప్పుడునే మైకు పట్టి, దాని పైస్థాయిని పెంచి వినిపిస్తే అవే చిప్స్ మరింత క్రిస్ప్‌గా, తాజాగా ఉన్నాయన్నారు. తగ్గించి వినిపిస్తే పాతబడ్డాయన్నారు. దీనికి 2008లో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది అది. తెలుగు ఈ గుణాలన్నిటికీ చప్పుళ్లనే పేర్లుగా పెట్టుకోవడం ఎంత సరైన పనో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. క్రిస్ప్ అన్న ఒక్క మాట కింద రెండు వేరు యంత్రాంగాలున్నాయి, వాటి వైద్యాలు పూర్తిగా ఎదురెదురు. మీ పుస్తకంలో ‘కీప్ ఇట్ క్రిస్ప్’ అని వచ్చినప్పుడు ఏది క్రిస్ప్ అన్నది చూడకపోతే చిట్కా తలకిందులవుతుంది.

మొదటిది పొడి క్రిస్ప్. పిండి వేగి తడి పోయాక అందులోని స్టార్చి గాజులాగా బిగుసుకుంటుంది. గాజు వంగదు, పగులుతుంది. మంచి ఆలు చిప్స్‌లో నీరు 2 శాతం దగ్గర ఉంటుంది. గాలిలో తేమ పీల్చుకుని ఆ శాతం కొంచెం పెరిగితే చాలు, గాజు కాస్తా రబ్బరు స్వభావానికి మారుతుంది. అప్పుడు అది మెత్తబడింది అంటాం. రెండోది తడి క్రిస్ప్. ఆకులో, యాపిల్‌లో కణాలు నీటితో ఉబ్బి గోడల్ని లోపల్నుంచి తన్ని పట్టి ఉంటాయి. కొరికితే ఆ కణాలు పగిలి రసం చిమ్ముతుంది, కసుక్కుమన్న చప్పుడు దానిదే. నీరు పోతే గోడలు వాలిపోయి ఆకు వడలుతుంది.

కాబట్టి అప్పడం మెత్తబడితే తడి తీసేయాలి: 100 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో ఐదు పది నిమిషాలు ఉంచి, బయట ఆరనిచ్చి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. ముల్లంగి, లెట్యూస్, క్యారెట్ వడలితే తడి ఇవ్వాలి: ఐసు వేసిన నీళ్లలో 15 నుంచి 30 నిమిషాలు ముంచితే మళ్లీ నిలబడతాయి. కీరా ముక్కలకి ముందే ఉప్పు చల్లితే నీరు బయటికి లాగేసి మెత్తబడతాయి, అందుకే సలాడ్‌కి ఉప్పు వడ్డించేముందే వేయమంటారు.

ఫ్రిజ్‌లో కింది అరని క్రిస్పర్ అంటారు. అక్కడి క్రిస్ప్ ఈ రెండోది. ఆ అరకి పక్కన జరిపే మూత ఉంటే ఆకుకూరలకి మూసి ఉంచాలి, తేమ లోపల నిలుస్తుంది. యాపిల్ లాంటి పళ్లకి తెరవాలి, అవి వదిలే ఇథిలీన్ (పళ్లని త్వరగా మగ్గబెట్టే వాయువు) బయటికి పోతుంది. ఫ్రిజ్ వాడకం పుస్తకం తెలుగులో ‘కరకరలాడించే అర’ అని రాస్తే ఎవరైనా అందులో జంతికల డబ్బా పెట్టినా తప్పు వాళ్లది కాదు.

మెత్తబడినవాటికి కూడా ఇంగ్లీషులో ఒక్కమాట లేదు. తడి తగిలి, లేదా నూనె పీల్చి నానినట్టయితే సాగీ. ఆకు, కూర వడలితే లింప్. అప్పడం తేమ పట్టి సాగుతుంటే లెదరీ. పులుసులో వేసిన వడ నానడం కావాలని చేసింది కాబట్టి దాన్ని సాగీ అనకండి, సోక్డ్ అనండి.

ఖద్దరు_పద్దు

‘పెళపెళ’ గురించి ఒక చేర్పు. అది బట్టకీ నోటుకీ ఎందుకు వస్తుందంటే రెండిట్లోనూ పలచటి, బిగువైన రేకు మడతపడినప్పుడు చప్పుడు చేస్తుంది. మన కరెన్సీ నోటు కాగితం కూడా నూరు శాతం పత్తితో చేసిందే. బట్ట విషయంలో గంజి పలచగా ఉంటేనే క్రిస్ప్. గంజి చిక్కగా ఉండి బట్ట అట్టకట్టినట్టు నిలబడితే ఇంగ్లీషులో అది స్టిఫ్. స్టిఫ్‌లో ఇబ్బంది ఉంది, క్రిస్ప్‌లో మెప్పు ఉంది. తెలుగులో అట్టలా బిగుసుకుపోయింది అన్నది స్టిఫ్‌కి బాగా సరిపోతుంది.

మాట్లాడే తీరుకి వచ్చినప్పుడు ఇంకో మెలిక. మన ఆఫీసుల్లో ‘షార్ట్ అండ్ క్రిస్ప్‌గా రాయండి’ అంటారు, అది పూర్తి మెప్పు. బ్రిటిష్ నవలలో ఒకావిడ ‘క్రిస్ప్‌గా’ జవాబిచ్చింది అంటే క్లుప్తంగా చెప్పడంతో పాటు కాస్త పొడిగా, ఆప్యాయత లేకుండా చెప్పిందన్న ధ్వని రావచ్చు. అక్కడ ‘ముక్తసరిగా’ సరిపోతుంది. నివేదిక క్రిస్ప్‌గా ఉందంటే ‘సూటిగా, క్లుప్తంగా’.

గాలికి, ఉదయానికి వాడితే మూడు షరతులు కలవాలి: చలి, పొడి, తేట. జనవరిలో ఆదిలాబాద్‌లో మంచు లేని తెల్లవారుజాము క్రిస్ప్ మార్నింగ్. లంబసింగిలో పొగమంచు కమ్మిన ఉదయం ఎంత చలిగా ఉన్నా క్రిస్ప్ కాదు, అది మిస్టీ. డిసెంబరు విశాఖ ఉదయం చెమ్మగా ఉంటుంది కాబట్టి అదీ కాదు. తెలుగులో ‘తేటగా, పొడిగా ఉన్న చలిపొద్దు’ అని విప్పి రాయడమే మేలు.

మాటల_మూట

పలకడం గురించి ఒక్క ముక్క. చివర్లో సకారం, పకారం జంటగా రావడంతో చాలామంది నోట ఇది ‘క్రిప్స్’ అవుతుంది, 1942లో వచ్చిన క్రిప్స్ రాయబారం గుర్తుకొచ్చేలాగా. సిగ్గుపడాల్సిన పని లేదు, పాత ఇంగ్లీషులోనే ఈ మాటకి స, ప తారుమారైన రూపం ఉంది. ఇప్పుడు మాత్రం అది తప్పు కిందే లెక్క. ‘క్రిస్’ దగ్గర ఒక్క క్షణం ఆగి, పెదాలు మూసి ‘ప్’ వదలండి. బహువచనానికి ‘క్రిస్’, తర్వాత ‘ప్స్’.

ఆ బహువచనంలోనే ఇంకో గుంట ఉంది. బ్రిటన్‌లో క్రిస్ప్స్ అంటే ప్యాకెట్లో అమ్మే ఆలు చిప్స్, అక్కడ చిప్స్ అంటే వేడివేడి లావుపాటి ఆలు వేపుడు ముక్కలు. అమెరికాలో ‘యాపిల్ క్రిస్ప్’ అంటే యాపిల్ ముక్కల మీద ఓట్స్, వెన్న, చక్కెర కలిపిన పొడి చల్లి బేక్ చేసిన మిఠాయి. బ్రిటన్‌లో ‘యాపిల్ క్రిస్ప్స్’ అంటే ఎండబెట్టిన యాపిల్ చిప్స్. మీ పుస్తకం ఏ దేశంలో అచ్చయిందో చూసుకుని ముందుకెళ్లండి.

అనువాద_అరుగు

పుస్తకం అమెరికాది, ఆ యాపిల్ క్రిస్ప్‌ని ఇప్పటికే ‘యాపిల్ చిప్స్’ అని రాసి ఉన్నాను, దిద్దుతాను. పిండివంటల పేజీ ఇంకా మిగిలింది. గుల్ల, పూతరేకు, కాజా, వేరుసెనగ అచ్చు, ఆవకాయ ముక్క. వీటిలో దేనికి క్రిస్పీ వాడవచ్చు?

పిండివంటల_ల్యాబ్

జంతికల గుల్లకి క్రిస్పీ ఒక్కటే రాస్తే సగమే చెప్పినట్టు. గుల్లగా ఉందంటే పెళుసుగా విరగడమే కాదు, తేలిగ్గా ఉండాలి, నోట్లో వేసుకోగానే పొడై కరగాలి. బేకరీవాళ్ల ఇంగ్లీషులో దీనికి ఖచ్చితమైన మాట ‘షార్ట్’. షార్ట్‌బ్రెడ్, షార్టెనింగ్ అన్నవి ఆ అర్థంలో పుట్టినవే: పిండిలో కొవ్వు కలిపి రేణువులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోకుండా చేయడం. మనం వెన్న కలపడమో కాగిన నూనె పోయడమో చేసేది సరిగ్గా ఇదే పని. మామూలు పాఠకులకి షార్ట్ అంటే పొట్టి అనే తోస్తుంది కాబట్టి ‘లైట్ అండ్ క్రిస్ప్’ రాసి, పక్కన ‘క్రంబుల్స్ ఈజీలీ’ చేర్చండి.

వంట పద్ధతి కూడా రాస్తున్నారు కాబట్టి చేతికి తెలిసే గుర్తులు ఇవ్వండి. మూడు గ్లాసుల బియ్యప్పిండి, ఒక గ్లాసు సెనగపిండి, చెంచాడు వాము, తగినంత ఉప్పుకి రెండు పెద్ద చెంచాల వెన్న. నీళ్లు పోయకముందే వెన్నని పొడిపిండికి వేళ్లతో పట్టించాలి. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచి, బొటనవేలితో తడితే రాలిపోతే వెన్న సరిపోయింది. తక్కువైతే జంతిక గట్టిపడుతుంది, ఇంగ్లీషులో ‘హార్డ్’. ఎక్కువైతే గొట్టం నుంచి దిగగానే నూనెలో విచ్చిపోతుంది. నూనె 170, 180 డిగ్రీల మధ్య ఉండాలి. మరీ కాగితే పైన రంగు ముందే వచ్చేసి లోపల తడి మిగులుతుంది, ఆ తడే కొన్ని గంటల్లో పైకి పాకి మెత్తబెడుతుంది. నూనె చల్లగా ఉంటే పీల్చుకుని ‘గ్రీసీ’ అవుతుంది. ఎప్పుడు తీయాలో బుడగలు చెబుతాయి: బుడగ అంటే ఆవిరై పోతున్న నీరు, చుట్టూ నురగ దాదాపు ఆగాకే తీయాలి.

పూతరేకుని క్రిస్పీ అనకండి. బోర్లించిన కాగుతున్న కుండ మీద పిండిలో ముంచిన గుడ్డతో ఒక్క విసురులో తీసిన ఉత్తి రేకు పెళుసే, తాకితే పగులుతుంది. కానీ మడవడానికి తడిగుడ్డతో దాన్ని మెత్తబరుస్తారు, తర్వాత నెయ్యి, చక్కెర లేదా బెల్లం పొడి పడుతుంది. మనం తినేది మెత్తబడిన పొరల మడత. ‘పేపరీ, మెల్ట్స్ ఇన్ ద మౌత్’ అని రాస్తే సరిపోతుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఒక వాక్యంలో చెప్పవచ్చు.

కాజా విషయంలో ఏ కాజా అన్నది చూడాలి. తాపేశ్వరం మడతకాజాలో పొరలు విడతాయి కాబట్టి ‘ఫ్లేకీ’. కాకినాడ గొట్టం కాజాకి పైన పలచటి పెళుసు తొడుగు, కొరికితే లోపల పాకం. అక్కడ ‘క్రిస్ప్ షెల్, సిరపీ ఇన్‌సైడ్’ నిక్కచ్చిగా కుదురుతుంది. వేరుసెనగ అచ్చుకి ‘బ్రిటిల్’ రాయండి. ఇంగ్లీషులో అది విశేషణమే కాదు, ఆ మిఠాయి పేరే ‘పీనట్ బ్రిటిల్’. పాకం 150 డిగ్రీల దాకా వెళ్లి చల్లారితే గాజులా పగులుతుంది, తక్కువలో దింపితే పళ్లకి అంటుకుంటుంది, అప్పుడది ‘చ్యూయీ’. మినపగారెకి ‘క్రిస్ప్ అవుట్‌సైడ్, ఫ్లఫీ ఇన్‌సైడ్’ ఎలాగూ వాడుకలో ఉంది.

ఆవకాయ ముక్కకి మాత్రం క్రిస్పీ అసలు వద్దు. మామిడిని టెంకతో సహా కొట్టేది ముక్క ఏడాదంతా గట్టిగా నిలవడానికే. ఊరిన ముక్కకి ‘ఫర్మ్’ సరైనది, కొత్తావకాయ మొదటి వారాల్లో ‘క్రంచీ’ అన్నా నడుస్తుంది. ముక్క పాడై మెత్తబడితే ‘మషీ’. కడిగిన కాయల్ని తుడిచి ఆరబెట్టకుండా కొట్టడం వల్ల ముక్క మెత్తబడుతుంది, బూజూ పడుతుంది. ఆ తుడిచే వాక్యాన్ని మాత్రం వంటపద్ధతిలో మొట్టమొదట పెట్టండి.